మిస్‌డిమీనర్, ఫెలనీ: అమెరికా నేరవిచారణలో ఆరోపణ స్థాయి, న్యాయవాది సహాయం

వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయదగిన నేరాలు, చేయరానివి. బెయిలు హక్కుగా లభించేవి, లభించనివి. మన నేరవిచారణ చట్టంలోని ఈ విభజనలను మీరు ఇంతకు ముందు చదివారు. 1860 నాటి భారత శిక్షాస్మృతి గాని, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత గాని ఫెలనీ, మిస్‌డిమీనర్ అని నేరాలను విడదీయలేదు. ఇవి ఇంగ్లండు కామన్ లా మాటలు. పుట్టింటివారైన ఇంగ్లీషువాళ్లు 1967లోనే ఈ తేడాను రద్దు చేసుకున్నారు. అమెరికా మాత్రం అట్టిపెట్టుకుంది. మన జిల్లాల పిల్లలు ఎందరో అక్కడ చదువుకుంటున్నారు. కాబట్టి ఈ భాగాన్ని పరీక్షకోసమే కాకుండా, అవసరమైతే ఇంట్లో ఒకరికి వివరించి చెప్పగలిగేలా చదవండి.

ఆరోపణ స్థాయిని ఏది నిర్ణయిస్తుంది?

చట్టం విధించగల గరిష్ఠ శిక్ష నిర్ణయిస్తుంది. నిందితుడికి చివరికి పడిన శిక్ష కాదు. ఫెడరల్ చట్టం ప్రకారం ఒక సంవత్సరానికి మించి జైలుశిక్ష విధించదగిన నేరం ఫెలనీ. సంవత్సరం, అంతకు లోపు అయితే మిస్‌డిమీనర్. అయిదు రోజులకు మించని శిక్ష గలవి, అసలు జైలే లేనివి ఇంకా కింది తరగతికి చెందుతాయి. మిస్‌డిమీనర్ శిక్షను సాధారణంగా కౌంటీ జైల్లోను, ఫెలనీ శిక్షను రాష్ట్ర కారాగారంలోను అనుభవిస్తారు.

అయితే అక్కడ ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క శిక్షాస్మృతి ఉంది. 1,500 డాలర్ల సరుకు దొంగతనం టెక్సాస్‌లో మిస్‌డిమీనర్, ఎందుకంటే అక్కడ ఫెలనీ 2,500 డాలర్ల దగ్గర మొదలవుతుంది. కాలిఫోర్నియాలో విలువ 950 డాలర్లు దాటితే ప్రాసిక్యూటర్ దాన్ని ఫెలనీగా నైనా, మిస్‌డిమీనర్‌గా నైనా మోపవచ్చు. ఇలా రెండువైపులా ఊగే నేరాలకు అక్కడి న్యాయవాదులు ‘వాబ్లర్’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. న్యూజెర్సీ శిక్షాస్మృతి అయితే నేరాలను ఈ రెండు మాటలతో విభజించదు. కాబట్టి ‘అమెరికాలో ఈ నేరానికి శిక్ష ఎంత?’ అన్న ప్రశ్నకు ‘ఏ రాష్ట్రంలో?’ అన్న ఎదురు ప్రశ్నే మొదటి జవాబు.

న్యాయవాది హక్కు

క్లారెన్స్ ఎర్ల్ గిడియన్ అనే నిరుపేద మీద 1961లో ఫ్లోరిడాలో కేసు పెట్టారు. ఒక పూల్ ఆటశాలలోకి చిల్లర దొంగతనానికి చొరబడ్డాడన్నది ఆరోపణ. మనోగతమైన నేరం మిస్‌డిమీనరే, కాని ఆ ఉద్దేశంతో తలుపు పగలగొట్టి చొరబడటం ఆ రాష్ట్రంలో ఫెలనీ. తనకు న్యాయవాదిని నియమించమని అడిగితే, మరణశిక్ష పడదగిన కేసుల్లోనే అలా నియమిస్తామన్నారు. తన కేసు తానే వాదించుకున్నాడు. అయిదేళ్లు పడింది. జైలు నుంచి పెన్సిలుతో రాసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించి, 1963లో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది: ఫెలనీ కేసులో న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివాడికి ప్రభుత్వమే నియమించాలి. పునర్విచారణలో, ఈసారి న్యాయవాది ఉండగా, అదే గిడియన్‌ను అదే నేరారోపణ మీద జ్యూరీ నిర్దోషి అంది. న్యాయవాది ఉంటే ఏమి తేడా వస్తుందో చూపించడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

మిస్‌డిమీనర్ సంగతి 1972లో ఆర్జెర్‌సింగర్ కేసులో తేలింది. నేరం ఎంత చిన్నదైనా, న్యాయవాది లేకుండా విచారించి జైలుకు పంపరాదు. దీనికి 1979లో స్కాట్ కేసు ఒక గీత గీసింది. వాస్తవంగా జైలుశిక్ష పడితేనే ఈ హక్కు వర్తిస్తుంది. జరిమానాతో సరిపెడితే రాజ్యాంగరీత్యా న్యాయవాదిని నియమించనక్కరలేదు. ఈ గీత నాకు సరైనదిగా తోచదు. ఎందుకో చూడండి.

జరిమానాతో పోయేది కాదు

అమెరికాలో నేరస్థాపనల్లో అత్యధిక భాగం విచారణ వల్ల కాదు, నేరం ఒప్పుకోవటం వల్ల జరుగుతాయి. 2012 నాటి ఒక తీర్పులో సుప్రీంకోర్టే ఫెడరల్ కోర్టుల్లో ఈ వాటా 97 శాతమనీ, రాష్ట్రాల్లో 94 శాతమనీ పేర్కొంది. ‘ఒప్పుకో, జరిమానా కట్టి వెళ్లిపో’ అన్న మాట వీసా మీద ఉన్న విద్యార్థికి తీపిగానే వినిపిస్తుంది. కాని వలసచట్టం వేరే కొలబద్దతో కొలుస్తుంది. దేశంలోకి ప్రవేశం పొందిన అయిదేళ్లలోపు ‘నైతిక పతనంతో కూడిన నేరం’ ఒకటి చేసి, దానికి చట్టం సంవత్సరం లేదా అంతకు మించిన శిక్షను అనుమతిస్తే, దేశం నుంచి పంపించివేయవచ్చు. ఇక్కడ కూడా పడిన శిక్షను కాదు, పడగల శిక్షను చూస్తారు. దొంగతనం సాధారణంగా ఈ కోవలోకి వస్తుంది. కోర్టు శిక్ష ప్రకటించకుండా వాయిదా వేసినా, నేరం ఒప్పుకొని ఏదో ఒక ఆంక్షకు లోబడితే వలసచట్టం దృష్టిలో అది నేరస్థాపనే. కాలిఫోర్నియా 2015లో మిస్‌డిమీనర్ గరిష్ఠ శిక్షను 365 రోజుల నుంచి 364కు తగ్గించింది. ఆ ఒక్క రోజు ఎందుకు తగ్గించారో ఇప్పుడు మీకు బోధపడుతుంది.

నేరం ఒప్పుకుంటే దేశం విడిచి వెళ్లవలసి రావచ్చునని పౌరుడు కాని కక్షిదారుకు చెప్పటం న్యాయవాది విధి అని 2010లో పడీల్లా కేసు నిర్ణయించింది. కాబట్టి న్యాయవాదిని కలిసిన మొదటి రోజే తన వీసా ఏదో చెప్పాలి. అంతకు ముందు పోలీసులతో ‘నాకు న్యాయవాది కావాలి, ఆయన వచ్చాకే మాట్లాడతాను’ అని స్పష్టంగా అనాలి. 1966 నాటి మిరాండా తీర్పు ప్రకారం కస్టడీలో ప్రశ్నించటం అక్కడితో ఆగాలి. ప్రభుత్వం నియమించే పబ్లిక్ డిఫెండర్ పౌరులకే అనుకోవటం పొరపాటు. చూసేది ఆదాయాన్ని, పౌరసత్వాన్ని కాదు. భారత కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందం ఇచ్చింది. చేతికిచ్చిన కాగితంలోని వాయిదా తేదీని మాత్రం మరవరాదు. హాజరు కాకపోతే వారెంటు వస్తుంది.

అభ్యాసం

విద్యార్థి వీసాపై వెళ్లిన ఎనిమిది నెలలకు ఒక యువకుడిపై టెక్సాస్‌లో 900 డాలర్ల సరుకు దొంగతనం మోపారు. అక్కడ 750 నుంచి 2,500 డాలర్ల లోపు దొంగతనానికి గరిష్ఠ శిక్ష ఒక సంవత్సరం. నేరం ఒప్పుకుంటే జైలు ఉండదు, జరిమానాయే అని ప్రాసిక్యూటర్ అన్నాడు. (అ) ఇది ఏ స్థాయి ఆరోపణ? (ఆ) ఆర్జెర్‌సింగర్ తీర్పు ఇతనికి అక్కరకు వస్తుందా? (ఇ) సంతకం చేసే ముందు ఇతను న్యాయవాదిని అడగవలసిన ప్రశ్నలు మూడు రాయండి. (ఈ) ఇదే సంఘటన కాలిఫోర్నియాలో జరిగి ఉంటే మీ జవాబుల్లో ఏది మారుతుంది?