పాత హ్యామ్ రేడియోలకు ఏ యాంటెన్నా కనెక్టర్?

లైసెన్సు పొంది, అభిరుచి కొద్దీ రేడియో సంభాషణలు జరిపే హ్యామ్‌లు ఒకప్పుడు వాడిన అమెరికన్ సెట్ల వెనుక భాగంలో, యాంటెన్నాను కలిపే కనెక్టర్ ఒక్కో సెట్టుకు ఒక్కో రకంగా ఉండడానికి ముఖ్య కారణం ఆయా కాలాల్లో వాడుకలో ఉన్న యాంటెన్నాలే.

1946లో వచ్చిన హాలిక్రాఫ్టర్స్ ఎస్-38 రిసీవర్‌కు ఏ1, ఏ2, జీ అనే మూడు స్క్రూ టెర్మినళ్లు ఉండేవి. ఒంటి తీగ యాంటెన్నా అయితే దానిని ఏ1కు బిగించి ఏ2ను జీతో కలిపేవారు, యాంటెన్నా నుంచి సెట్టుకు వచ్చేది రెండు తీగల ఫీడర్ అయితే ఏ1, ఏ2లకు బిగించేవారు. నడిమి తీగ చుట్టూ లోహపు అల్లిక ఉండే కోయాక్సియల్ కేబుల్ వ్యాపించాక, ఆ అల్లికను కూడా పట్టి ఉంచే కనెక్టర్ అవసరమై, 1930లలో ఆంఫినాల్ సంస్థలో రూపొందిన మర బిగింపు కనెక్టర్ హ్యామ్ సెట్లలో స్థిరపడింది. దీని ప్లగ్‌ను పీఎల్-259 అని, సాకెట్‌ను ఎస్‌ఓ-239 అని పిలుస్తారు. అయితే కాలిన్స్ కేడబ్ల్యూఎం-2, హీత్‌కిట్ ఎస్‌బీ-101 వంటి సుమారు 100 వాట్ల ట్రాన్స్‌సీవర్లలో ఆడియో పరికరాలలో కనిపించే చిన్న ఆర్‌సీఏ ఫోనో సాకెట్‌నే యాంటెన్నాకు అమర్చారు.

పీఎల్-259 లోపల ఇంపెడెన్స్, అంటే దానిలో ప్రయాణించే తరంగపు వోల్టేజీకి, కరెంటుకు మధ్య ఉండే నిష్పత్తి, కేబుల్‌కు ఉన్న 50 ఓమ్‌ల వద్ద నిలకడగా ఉండదు. 30 మెగాహెర్ట్జ్ వద్ద తరంగం పొడవు 10 మీటర్లు గనుక, కొద్ది సెంటీమీటర్ల కనెక్టర్‌లోని ఈ తేడా లెక్కకు రాదు. కానీ 430 మెగాహెర్ట్జ్ వద్ద తరంగం 70 సెంటీమీటర్లకు కుదించుకుపోవడంతో అదే తేడా వల్ల సంకేతంలో కొంత వెనక్కి మళ్లుతుంది, అందుకే అక్కడ ఎన్-టైప్ కనెక్టర్ మేలు. 30 మెగాహెర్ట్జ్ లోపు ఉండే షార్ట్‌వేవ్‌లోనే పనిచేసే పాత సెట్టుకు మాత్రం దీనిని బిగించినందువల్ల ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు.

కాబట్టి పాత సెట్టుకు వేరే రకం కనెక్టర్ ఉన్న కేబుల్‌ను కలపాలంటే, దాని లోహపు చట్రమైన చాసిస్‌కు కొత్త రంధ్రం చేసే బదులు అడాప్టర్ వాడడమే సరైన ఎంపిక, దానివల్ల సెట్టు అసలు రూపమూ నిలుస్తుంది. పైగా ఎస్-38 వంటి ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్లలో చాసిస్‌కు కరెంటు మెయిన్స్‌తో నేరుగా సంబంధం ఉండవచ్చు గనుక, దానికి లోహపు సాకెట్‌ను బిగిస్తే కేబుల్ పై అల్లికకూ ఆ కరెంటు చేరి ప్రాణాపాయం కలుగుతుంది.