పిల్లలకు మొదటి స్లాట్ కార్ల పెట్టె



పంటలనుగూర్చియో పురాణములనుగూర్చియో మాటలాడవలసిన వయస్సున నున్న నేను, పిల్లల ఆటవస్తువునుగూర్చి ప్రసంగింపబూనుట మీకు వింతగా తోచవచ్చును. ఐనను మనలో పలువురి బిడ్డలు నేడు ఇంగ్లండులోను అమెరికాలోను కాపురములు చేయుచున్నారు. మనుమలను చూడ మనమే వెళ్ళుదుము. లేదా వారే సెలవులకు వత్తురు. ఆ పిల్లల చేతిలో ఏదేని యొకటి పెట్టవలెనని మనకుండును. ఏది పెట్టవలెనో తెలియదు. 2022వ సంవత్సరపు శీతకాలమున ఇంగ్లండులో మా పెద్దబ్బాయి యింట నుండగా నేనొక పెట్టె కొని పొరబడితిని. ఆ పొరబాటును, దానిని దిద్దుకొన్న విధమును చెప్పెదను.

ఆ వస్తువు పేరు స్లాట్ కారు. స్లాటనగా గాడి. వానకాలమున బండ్లు నడచి నడచి మన పొలముబాటలలో గాడి పడును గదా! చక్రమొకసారి గాడిలో దిగిన తరువాత బండివాడు కునుకు తీసినను బండి దారి తప్పదు. ఈ యాటకును అదియే మూలము. ప్లాస్టిక్కు బాటముక్కలను ఒకదానికొకటి తగిలించి చుట్టుబాటగా కూర్చుదురు. అందు సాధారణముగా రెండు గాడులుండును. ప్రతి గాడికిని ఇరుప్రక్కల సన్నని లోహపు పట్టీ లుండును. కారు ముందరిభాగమున, అడుగున, నాలుకవంటి చిన్న పలక యొకటి గాడిలోనికి దిగియుండును. దాని కిరువైపుల రాగితీగెల అల్లికలు దీపపు వత్తులవలె నుండి, ఆ పట్టీలను రాచుకొనుచు విద్యుత్తును గ్రహించును. కారులోని చిన్న మోటారు తిరిగి, పండ్లచక్రముద్వారా ఇరుసును త్రిప్పును. ఆడువాని చేతిలో నొక మీట యుండును. కొంచెము నొక్కిన కారు మెల్లగను, గట్టిగా నొక్కిన వడిగను పోవును. గోడలోని 230 వోల్టుల విద్యుత్తు పిల్లల చేతికి రాదు. నడుమనున్న ట్రాన్స్‌ఫార్మరు దానిని ప్రాయికముగా 12 మొదలు 15 వోల్టులవరకు తగ్గించి యిచ్చును.

కారును త్రిప్పు పనియే లేనప్పుడు ఇందు నేర్పేమున్నదని మీరడుగవచ్చును. నేనును మొదట అట్లే యంటిని. నేర్పంతయు మలుపువద్ద నున్నది. తిన్నని బాటలో ఎవ్వరైనను పరుగెత్తించగలరు. మలుపు వచ్చుచుండగా మీట సడలింపనివాని కారు గాడినుండి లేచి దొర్లిపడును. మరీ ముందుగా సడలించినవాడు వెనుకబడును. ఎచ్చట సడలింపవలెనో, ఎచ్చట మరల నొక్కవలెనో వ్రేలికి తెలియుటయే ఈ యాట.

దీని పుట్టుకనుగూర్చి రెండు మాటలు. ఇంగ్లండులో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అను నాయన రేకుతో చేసిన చిన్న కార్లను, గడియారమువలె చుట్టు యిచ్చి నడపువానిని, 1952 మొదలు స్కేలెక్స్ అను పేర అమ్ముచుండెను. ఆ కారును వదలినతోడనే పిల్లవాని పని తీరిపోవును. అది ఆగువరకు చూచుచు నిలువవలసినదే. ఫ్రాన్సిస్ వానిలో విద్యుత్తు మోటారు నమర్చి, బాటకు గాడి పెట్టి, 1957లో హారోగేట్ నగరమున జరిగిన ఆటవస్తువుల ప్రదర్శనమున స్కేలెక్‌స్ట్రిక్ అను పేర చూపెను. వేగము పిల్లవాని చేతికి వచ్చెను. గిరాకి తన చిన్న కర్మాగారమునకు మించిపోగా, మరుసటి యేడే దానిని లైన్స్ సోదరుల సంస్థకు అమ్మివేసెను. జర్మనీలో 1963లో కర్రెరా అను పేర ఇట్టివే బయలుదేరెను. నేడీ రెండు పేళ్ళును అంగళ్ళలో తరచుగా కనబడును.

ఇక నా పొరబాటు. మా మనుమనికి అప్పుడు తొమ్మిదేండ్లు, మనుమరాలికి ఐదు. ఆ పిల్లకు తెలుగు తక్కువ. ఆ పిల్ల పలుకు ఇంగ్లీషు నాకు తక్కువ. ఆరు మాసములు ఆ యింట నుండవలసినవాడను. మా యిద్దరి నడుమ ఏదేని యొకటి కావలసియుండెను. డిసెంబరు మాసమున అంగడికి పోయి, అన్నిటికంటె పెద్ద పెట్టె యేదని యడిగితిని. పెద్దది కొనిన పెద్దరికము నిలుచునని నా భావము. ఆరు కార్లవరకు ఒక్కమారే పరుగెత్తగలవనియు, కార్లు ఒక గాడినుండి వేరొక గాడికి మారగలవనియు అతడు చెప్పెను. దానిని డిజిటల్ పద్ధతి యందురు. కొంటిని. అది యే సంస్థదో చెప్పను. లోపము వస్తువులోనిది కాదు.

పెట్టె విప్పిన పిమ్మట బాట గదియంతయు నాక్రమించెను. భోజనమునకు బల్ల వేయవలెనన్న బాట నూడదీయవలెను. నేలపై తివాచి పరచియుండుటచే దాని నూలుపోగులు ఇరుసులకును రాగివత్తులకును చుట్టుకొనెను. అన్నిటికంటె ముఖ్యమైనది ఇది: గాడి మారుటకు మీటపై వేరొక బొత్తాము నొక్కవలెను. తొమ్మిదేండ్లవాడు పూటలో నేర్చెను. ఐదేండ్ల పిల్ల కారు మొదటి మలుపుననే యెగిరిపడెను; మరల పెట్టిన మరల పడెను. అన్న నవ్వెను. ఆ పిల్ల మీటను క్రింద బెట్టి లోనికి పోయెను. మూడవనాడు పిలిచినను రాలేదు. అంత ధనము పోసి, ఆ పిల్ల ఎదుట అన్నను గెలిపించు యంత్రమును తెచ్చితినే యని నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

అబ్బాయి ఆ పెట్టెను పెద్దపిల్లలున్న మిత్రుని యింటి కిచ్చివేసెను. ఈసారి అంగడికి పోవుటకు ముందు కోడలు చీటిపై మూడు విషయములు వ్రాసెను: గదిలో ఎంత చోటున్నది, పిల్లలలో చిన్నవారి వయస్సెంత, ఎక్కడ పరచి యుంచవచ్చును. నేను నా ఉత్తరీయముతో నేల కొలిచితిని. కొనదలచువారు మొదట చేయవలసిన పని యిదియే. పెట్టెపై బాట పొడవు వెడల్పులు అచ్చువేసియుందురు. ఆ కొలతను సుద్దతో నేలపై గీసి, చుట్టును పిల్లలు కూర్చుండ చోటు మిగులునో లేదో చూడవలెను. తివాచి యింట ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పుగల ప్లైవుడ్ పలక యొకటి కొని దానిపై బాట నమర్చుట మేలు. పలకను బాటతోకూడ గోడకు నిలువబెట్టవచ్చును.

తరువాతిది కారు పరిమాణము. నిజమైన కారులో 32వ వంతు, 43వ వంతు, 64వ వంతు అని పెట్టెలపై వ్రాయుదురు. నాలుగు మీటర్ల కారు మొదటి లెక్కన పన్నెండున్నర సెంటీమీటర్లు, రెండవదానిలో సుమారు తొమ్మిది, మూడవదానిలో ఆరు సెంటీమీటర్లకు కొంచెము పైన అగును. చిన్నవి కొద్దిచోట ఇముడును, వెలయు తక్కువ. ఇరుకు గది యున్నవారికి అవియే దిక్కు. మూడు నాలుగేండ్ల పిల్లలకై బ్యాటరీతో నడచు చిన్న పెట్టెలును కలవు. కాని మలుపున పడిన కారును తీసి దాని నాలుకను మరల గాడిలో దించు పని యాటలో పదేపదే వచ్చును. చిన్న కారుతో నా వణకుచేతికి అది కష్టము. కంటిలో పొర తీయించుకొన్నవాడను. 32వ వంతు కారు నా చేతికిని ఆ పిల్ల చేతికిని సమముగా కుదిరెను. పెట్టెపై వ్రాసిన వయస్సును తప్పక చూడవలెను. కార్ల అడుగున చిన్న అయస్కాంతములుండును. నోట బెట్టుకొను శిశువున్న యింట నేలపై వీనిని వదలరాదు. రెండు అయస్కాంతములు మ్రింగినచో ప్రేగులను నడుమ బిగించి ప్రాణాపాయము తేగలవు.

ఆ అయస్కాంతము ఉండుటకు కారణమున్నది. బాటలోని ఉక్కు పట్టీలను అది పట్టియుంచుటచే కారు మలుపున తొందరగా పడదు. మొదట నేర్చువారికి అది యుండవలెను. చేయి తిరిగిన పిమ్మట పలువురు దానిని తీసివేయుదురు; అప్పుడు కారు మలుపున తోక యాడించుచు పోవును, చూడ ముచ్చటగా నుండును. కొన్ని పెట్టెలలోని మీటలకు వేగమును సగమునకు తగ్గించు కీలు కూడ నుండును. వయస్సులో తేడాగల పిల్లలున్న యింట ఈ కీలుకంటె విలువైనది వేరొకటి లేదని నా యభిప్రాయము. చిన్నపిల్లకు తక్కువ వేగము పెట్టిన యెడల ఓడిపోవునని మీరనుకొందురు. అట్లు కాదు. అన్న వడిగా పోయి రెండు మలుపుల కొకమారు పడుచుండగా, చెల్లెలు పడక మెల్లగా పోయి ముందు చేరుచుండెను. ఈ యాటలో పడినవాడు లేచుటకు పట్టుకాలమే పెద్ద నష్టము.

బాట ఆకారమును కూడ విచారింపవలెను. కళ్ళములో బంతి కట్టి తొక్కించునప్పుడు నడిమి రాటకు దగ్గరనున్న యెద్దు కొద్దిగా నడచును, వెలుపలి యెద్దు ఎక్కువ నడచును. కోడిగ్రుడ్డు ఆకారపు బాటలోను అంతే. రెండు గాడుల నడుమ ఎనిమిది సెంటీమీటర్ల యెడమున్నయెడల, ప్రతి చుట్టునకు వెలుపలి కారు సుమారు అర మీటరు అధికముగా పరుగెత్తవలెను. పది చుట్లలో ఐదు మీటర్లు! పిల్లలు లెక్క వేయకపోయినను అన్యాయమును పసిగట్టుదురు. ఇంగ్లీషు ఎనిమిది అంకెవలె ఒకచోట తన్నుతాను దాటుకొను బాటయైనచో, ఒకవైపు లోపలనున్న గాడి రెండవవైపు వెలుపలికి వచ్చును, దూరము సమమగును. కావున మొదటి పెట్టె ఎనిమిది ఆకారముదై యుండుట మంచిది. అది లేనిచో ప్రతి పందెమునకు గాడులు మార్చుకొనవలెను. పెట్టెలోని రెండు కార్లును ఒకే జాతివై రంగు మాత్రము వేరైన యెడల సగము తగవులు పుట్టనే పుట్టవు. నిలువుగా గుండ్రము చుట్టి తలక్రిందుగా పోవు బాటలును, రెండు గాడులును ఇరుకున గుమిగూడి కార్లు ఢీకొను ముక్కలును పెట్టెమీది బొమ్మలో ఘనముగా కనబడును. తలక్రిందు బాటలో వేగము చాలని కారు నడుమనే పడును. చిన్నపిల్ల కారే అట్లు పడునని వేరుగా చెప్పనక్కరలేదు.

డిజిటల్ పద్ధతి చెడ్డదని నేననుట లేదు. పన్నెండేండ్లు దాటిన పిల్లలు నలుగురైదుగురున్నచోట దానికి సాటి లేదు. రెండు గాడుల పెట్టె కొన్నవారు మున్ముందు దానిని డిజిటల్ చేయవచ్చునో లేదో అంగడిలో అడిగి తెలిసికొనవలెను. ఒక సంస్థ బాటముక్కలు వేరొక సంస్థవానితో సామాన్యముగా అతుకవు. కావున మొదటి పెట్టె యే పేరుదో, తరువాత కొను ముక్కలును ఆ పేరువే యగును. రాగివత్తులు, వెనుక చక్రముల రబ్బరులు విడిగా దొరకునదై యుండవలెను. అవి అరిగిపోవు వస్తువులు. పాతవి చౌకగా దొరకును. కాని పట్టీలు త్రుప్పుపట్టినవో, ట్రాన్స్‌ఫార్మరు తీగె పగిలినదో చూడక తీసికొనరాదు. పాత ట్రాన్స్‌ఫార్మరును నేనైతే పిల్లల చేరువకు రానీయను.

రెండవ పెట్టె వచ్చిన నాలుగవనాటి ఉదయమున ఆ పిల్ల నా మంచమువద్దకు వచ్చి, నా చేతిలో మీట పెట్టి, "తాతయ్యా, నీది నీలము" అనెను. అప్పటినుండి నీలపు కారు నాది. మెల్లగా అనుటకు, ఆగు అనుటకు, పడెను అనుటకు తెలుగు మాటలు బాట ప్రక్కనే నేర్చుకొనెను.

2023 వేసవిలో వారు ఆ పెట్టెతో మా యూరు వచ్చిరి. ఇంగ్లండు విద్యుత్తును మన విద్యుత్తును ఒకే వోల్టులవి గనుక ట్రాన్స్‌ఫార్మరునకు బాధ లేదు. ప్లగ్గు ముండ్లు మాత్రము వేరగుటచే నడుమ వేరొక బిళ్ళ తగిలింపవలసివచ్చెను. అమెరికానుండి తెచ్చువారు జాగ్రత్తపడవలెను. అచ్చట 120 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మరుపై 100 మొదలు 240 వరకు అని వ్రాసియున్ననే మన గోడకు తగిలింపవలెను, లేనిచో అది మాడిపోవును. మన వసారాలో తివాచి బాధ లేదు, దుమ్ము బాధ కలదు. ప్రతి యాటకు ముందు పట్టీలను పొడిగుడ్డతో తుడువవలెను. నేను బండియిరుసునకు కందెన పెట్టు అలవాటుచే కారు ఇరుసునకు ఆముదము రాచితిని. దుమ్మంతయు దానికంటుకొని కారు కదలలేదు. మా మనుమడు దానిని విప్పి తుడిచి, కుట్టుమిషను నూనెను సూదిమొనతో ఒక్క చుక్క వేసి బాగుచేసెను.

మా బావగారికి డెబ్బదియెనిమిదేండ్లు. ఆయన మొదటినాడే పిల్లల నిద్దరిని ఓడించెను. మలుపునకు ముందే పగ్గము బిగించువాని చేయి గదా ఆయనది! పందెము నడుమ కరెంటు పోయినప్పుడు కార్లు ఎక్కడివక్కడ నిలిచెడివి. వచ్చువరకు ఎవ్వరును వానిని ముట్టరాదని మనుమరాలు శాసించెను.

వెళ్ళునప్పుడు పెట్టెను మాయింటనే వదలిరి. అటకమీద ఎలుకలు తీగెలు కొరుకునని దానిని రేకుపెట్టెలో నుంచితిని. ఫాల్గుణ మాసమున నొకసారి దింపి, పట్టీలు తుడిచి, నీలపు కారును నాలుగు చుట్లు త్రిప్పి చూచి మరల దాచుదును.