కరవు ఏట బోటుకు ఏ సరస్సు?

కాలిఫోర్నియాలో బోటు షికారుకు ఏడాదిలో మూడు సెలవులు ముఖ్యం: మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే, జులై 4, సెప్టెంబరు మొదటి సోమవారం నాటి లేబర్ డే. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలోనూ శాక్రమెంటోలోనూ స్థిరపడ్డ తెలుగువాళ్లు కూడా నాలుగైదు కుటుంబాలు కలిసి ఈ లాంగ్ వీకెండ్లలో ఏదో ఒక సరస్సుకు బయల్దేరతారు. మంచు బాగా పడిన ఏడాది ఎటు వెళ్లినా ఇబ్బంది ఉండదు. కరవు ఏడాది మాత్రం ముందుగా అందరూ ఫోన్లో చూసేది ఒక్కటే, ఫలానా రిజర్వాయరు ఎంత శాతం నిండిందని. ఆ అంకె బోటువాడికి దాదాపుగా పనికిరాదని నా అభిప్రాయం. చూడవలసినవి రెండు. ర్యాంపు చివరి అంచుకు పైన నీరు ఎన్ని అడుగులుంది? ఆ నీటిని ఎవరి కోసం దాచారు?

శాతం ఎందుకు పనికిరాదో మన తెలుగువాళ్లకు తేలిగ్గానే అర్థమవుతుంది. జలాశయాల మట్టాన్ని అడుగుల్లోనూ నిల్వను టీఎంసీల్లోనూ రోజూ పేపర్లో పక్కపక్కనే చదివే అలవాటు మనది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, నిల్వ సుమారు 215 టీఎంసీలు. మట్టం 854 అడుగులకు దిగేసరికి నిల్వ 90 టీఎంసీల దరిదాపుల్లోకి వచ్చేస్తుంది. అంటే మట్టం తగ్గింది 31 అడుగులే గానీ నీరు మాత్రం సగానికి మించి పోయింది. జలాశయం పైభాగం వెడల్పుగా పరుచుకుని ఉంటుంది, అడుగుకు పోయేకొద్దీ ఇరుకవుతుంది. అందువల్ల పైపైన దిగే ఒక్కో అడుగుకూ బోలెడంత నీరు పోతుంది. శాతం సగానికి పడిందని భయపడిన చోట ర్యాంపు ఇంకా నీళ్లలోనే ఉండవచ్చు. కాలిఫోర్నియాలోని ఓరోవిల్ సంగతి వేరు. అమెరికాలోకెల్లా ఎత్తైన 770 అడుగుల ఆనకట్ట వెనుక, నిటారైన కొండలోయల్లో నిలిచిన నీరది. పూర్తి మట్టం 900 అడుగులు. 2021 సెప్టెంబరు ఆఖరుకు అది 628 అడుగులకు దిగింది, నిల్వ 22 శాతం. నీటి అంచు 272 అడుగులు కిందికి జారిందన్నమాట. కాబట్టి రెండు సరస్సులు ఒకే శాతం చూపించినా, ఒడ్డున నిలబడి చూస్తే కనిపించేది ఒకటే కానక్కర్లేదు.

అసలు కథంతా ర్యాంపు దగ్గరుంది. ఒడ్డు నుంచి నీళ్లలోకి ఏటవాలుగా పోసిన కాంక్రీటు బాట అది. ట్రైలరును వెనక్కి నడుపుతూ దాని మీదుగా దిగాలి. చక్రాలు మునిగి, బోటు దానంతట అది తేలేదాకా పోవాలి. అందుకు కాంక్రీటు అంచు మీద కనీసం కొన్ని అడుగుల నీరుండాలి. అది లేకపోతే ట్రైలరు చక్రాలు అంచు దాటి బురదలో పడతాయి, ఇరుసు కాంక్రీటుకు తన్నుకుని ఇరుక్కుపోతుంది. అంచు ఎంత మట్టం దాకా ఉందో ఆ సరస్సును చూసుకునే సంస్థకు తెలుసు. ఇవాళ్టి నీటిమట్టంతో దాన్ని పోల్చి చూసుకుంటే చాలు. లోతును నమ్ముకున్నా లాభం లేదు. టాహో సరస్సు లోతు 1,645 అడుగులు. టాహో సిటీ దగ్గరి చిన్న ఆనకట్ట అదుపు చేసేది పైనున్న 6 అడుగుల పైచిలుకు నీటినే. ఎంత కరవొచ్చినా టాహో ఓరోవిల్‌లా వందల అడుగులు దిగదు. అయినా 2021 వేసవి చివర్లో అక్కడ కొన్ని ర్యాంపులు పనికిరాకుండా పోయాయి. ర్యాంపులుండేది తీరంలోని పల్చని నీటిలో మరి! వెయ్యి అడుగుల లోతున్న సరస్సులో నాలుగడుగులు తగ్గితేనే బోటు దించలేని పరిస్థితి వస్తుంది.

ఇక రెండో ప్రశ్న. ఈ రిజర్వాయర్లు షికారు కోసం కట్టినవి కావు. షాస్తా, ఓరోవిల్, ఫాల్సమ్ నీళ్లు పొలాలకూ ఊళ్లకూ నదిలోని చేపలకూ పోవాలి. శీతాకాలపు వానలూ వసంతంలో కరిగే మంచూ వాటిని నింపుతాయి. జూన్ నుంచి విడుదలే తప్ప కొత్తగా వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి మెమోరియల్ డేకి బాగున్న సరస్సు లేబర్ డేకి అలాగే ఉంటుందనుకోకూడదు. 2021లో కరిగిన మంచులో చాలా భాగాన్ని ఎండిన నేలే తాగేసింది. ఓరోవిల్‌లో జూన్‌లోనే 130 దాకా హౌస్‌బోట్లను బయటికి తీయించవలసి వచ్చింది. ఆగస్టు 5న అక్కడి హయత్ జలవిద్యుత్ కేంద్రం నీటి కొరతతో ఆగిపోయింది, అలా ఆగడం అదే మొదటిసారి. కరవు వెంట కార్చిచ్చు కూడా వస్తుంది. ఆ ఏడాది లేబర్ డేకి వారం ముందు, ఆగస్టు 30న, కాల్డర్ మంటల వల్ల సౌత్ లేక్ టాహో ఊరు ఊరంతా ఖాళీ చేయవలసి వచ్చింది. మర్నాడు రాత్రి నుంచి రాష్ట్రంలోని జాతీయ అటవీ ప్రాంతాలకు జనాన్ని రానివ్వలేదు. అందుకే కరవు ఏడాది బోటు సరదా మేలోనో జూన్ మొదట్లోనో తీర్చుకోవడం మంచిది.

బోటు అద్దెకు తీసుకునేవాళ్లం, ర్యాంపుతో మాకేం పనని కొందరంటారు. నిజమే, మెరీనాల్లోని తేలే రేవులు నీటితోపాటు కిందికి దిగుతాయి. కానీ అడుగు తేలితే రేవూ బురదలో కూర్చుంటుంది. ఫాల్సమ్ మెరీనాలో బోట్లు పెట్టుకున్నవాళ్లు 2021లో వేసవి నడిమికే వాటిని తీసుకెళ్లిపోవలసి వచ్చింది. అంతకుముందు కరవుల్లో అదే సరస్సులో గంటకు 5 మైళ్లు దాటకూడదన్న నిబంధన పెట్టారు. మునిగి ఉండవలసిన బండలూ చెట్ల మోళ్లూ నీటికి జానెడు కిందికి వచ్చినప్పుడు అది అవసరమే. ఇంకో అభ్యంతరం నైతికమైనది: జనం నీటికి అల్లాడుతుంటే షికార్లేమిటి? బోటు తిరిగితే నీరు తరగదు. పైగా ఆ ఒడ్డున అద్దె బోట్లవాళ్లూ దుకాణాలవాళ్లూ బతికేది ఈ మూడు నాలుగు నెలల రాబడి మీదనే. జనం రాకపోతే కరవు దెబ్బ వాళ్ల మీద రెండుసార్లు పడుతుంది.

వేసవి చివర్లోనే వెళ్లక తప్పనివాళ్లకు నేను చెప్పేది శాక్రమెంటో, శాన్ వాకీన్ నదులు కలిసే డెల్టా. అది రిజర్వాయరు కాదు. సముద్రపు ఆటుపోట్లే అక్కడి మట్టాన్ని నిలబెడతాయి, కాబట్టి కరవులోనూ బోటుకు చాలినంత నీరుంటుంది. అక్కడా కరవు తన గుర్తు వదలకపోదు. నదుల్లో ప్రవాహం తగ్గి ఉప్పునీరు పైకి ఎక్కకుండా 2015లోనూ 2021లోనూ వెస్ట్ ఫాల్స్ రివర్‌కు అడ్డంగా రాళ్ల కట్ట వేశారు, దాంతో ఆ దారిన బోట్లు పోలేకపోయాయి. కదలని వెచ్చటి నీళ్లలో విషపు నాచు పెరుగుతుంది. పచ్చటి తెట్టు కట్టినచోట పిల్లల్నీ కుక్కల్నీ నీళ్లలోకి దించకూడదు. ఇంకొకటి, 2024 అక్టోబరులో స్టాక్‌టన్ రేవు దగ్గర గోల్డెన్ మసెల్ అనే ఆల్చిప్ప బయటపడింది. ఉత్తర అమెరికాలో అది కనిపించడం అదే మొదలు. బోట్లకు అంటుకుని అది వేరే సరస్సులకు పాకకుండా ఫాల్సమ్ వంటి చోట్ల బయటి నుంచి వచ్చిన బోటును 30 రోజులు ఆరబెట్టాకే నీళ్లలోకి రానిచ్చే నిబంధన వచ్చింది. ఇక్కడ కుదరకపోతే పక్క సరస్సుకు పోదామనుకునే వీలు అలా తగ్గిపోయింది. సొంత బోటున్నవాళ్లు సెలవుకు నెల ముందే ఒక్క సరస్సును ఖాయం చేసుకుని, అక్కడి తనిఖీ నిబంధనలూ ర్యాంపు అంచు మట్టమూ కనుక్కుని పెట్టుకోవాలి. మట్టాన్ని మాత్రం బయల్దేరే రోజు పొద్దున మళ్లీ చూసుకోవాలి.