జూదపు వ్యసనానికి తలకు మిషన్ చికిత్స – దాతలు తెలుసుకోవలసిన విషయాలు



గత రంజాన్‌కు ముందు ఒక తల్లి మన సొసైటీకి వచ్చింది. కొడుకు డీసీఎం డ్రైవర్. ఫోన్‌లో రమ్మీతో మొదలుపెట్టి క్రికెట్ బెట్టింగ్‌లోకి దిగాడు. ఇంట్లో ఉన్న కాస్త బంగారం పోయింది, పైన మిత్తికి తెచ్చిన అప్పు మిగిలింది. "పట్నంలో తలకు మిషన్ పెట్టి ఈ పిచ్చి వదిలిస్తారంట. జకాత్ పైసల్లోంచి సాయం చేయండి" అని ఆమె అడిగింది. ఆ రోజు మేము జవాబు చెప్పలేకపోయాం. తర్వాత చదివి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాం. ఎందుకంటే ఖర్చయ్యేది మీ అమానతు.

పాపమా? రోగమా?

మద్యంతో పాటు జూదాన్ని కూడా ఖుర్ఆన్ నిషేధించింది. అది మనుషుల మధ్య శత్రుత్వం పెంచుతుందని, నమాజు నుంచి దూరం చేస్తుందని మాయిదా సూరాలో కారణం కూడా చెప్పింది. ఇందులో రెండో మాట లేదు. కానీ ఏడ్చి తౌబా చేసిన మనిషి వారం తిరక్కముందే మళ్లీ ఫోన్ పట్టుకుంటున్నాడంటే, అక్కడ రోగం కూడా ఉందని అర్థం. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో జూదపు వ్యసనాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల వరుసలోనే చేర్చింది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోనూ అది ఉంది.

మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంటుంది. గెలుపు వస్తుందేమో అన్న ఆశే దాన్ని ఎగదోస్తుంది. త్రుటిలో తప్పిన ఆట కూడా "ఇంకొక్కసారి" అనిపిస్తుంది. నుదుటి వెనక ఉన్న భాగం ఆ కోరికకు అడ్డుకట్ట వేయాలి. సాగర్ ఎడమ కాల్వ కింద వ్యవసాయం చేసేవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది: నీటి ఒత్తిడి పెరిగి, తూము షట్టర్ బలహీనపడితే పొలం మునుగుతుంది.

ఆ మిషన్ ఏమిటి?

ఆ షట్టర్‌ను బలపరచాలన్నదే ఈ చికిత్స ఉద్దేశం. ఇందులో కోత లేదు, మత్తు ఇవ్వరు. రెండు పద్ధతులున్నాయి. మొదటిది టీఎంఎస్. తలకు ఒక కాయిల్ ఆనించి అయస్కాంత తరంగాలు పంపుతారు. అవి లోపలి నరాల కణాల్లో స్వల్ప విద్యుత్తు పుట్టిస్తాయి. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం దీన్ని మొదట చూపింది. రెండోది టీడీసీఎస్. తడిపిన ప్యాడ్లు పెట్టి ఒకటి, రెండు మిల్లీ ఆంపియర్ల కరెంటును సుమారు 20 నిమిషాలు పంపుతారు. రెండూ సినిమాల్లో చూపే "షాక్ ట్రీట్‌మెంట్" కావు. తలనొప్పి, తల మీద చురచుర రావచ్చు. టీఎంఎస్‌తో చాలా అరుదుగా ఫిట్స్ రావచ్చు. అందుకే ఫిట్స్ ఉన్నవారు, తలలో లోహపు పరికరం ఉన్నవారు ముందే డాక్టర్‌కు చెప్పాలి.

పని చేస్తుందా?

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ టీఎంఎస్‌ను 2008లో డిప్రెషన్‌కు, 2018లో ఓసీడీకి, 2020లో పొగతాగడం మాన్పించడానికి అనుమతించింది. జూదానికి అనుమతి ఇవ్వలేదు. జూదరులపై జరిగిన పరిశోధనలు చిన్నవి. కొన్నింటిలో కోరిక తగ్గింది. కానీ ఉత్తుత్తి మిషన్ పెట్టినవారిలో కూడా తగ్గినట్టు కనబడిన సందర్భం ఉంది. అంటే ఆశ ఉంది, రుజువు ఇంకా చాలదు. కాబట్టి "గ్యారంటీగా మాన్పిస్తాం" అని వేలకు వేలు అడిగేవారికి జకాత్ సొమ్ము ఇవ్వడం సరికాదని మేము భావించాం.

ఇప్పుడు చేయగలిగింది

నేటికి ఎక్కువ ఆధారం ఉన్నది ఆలోచనల తీరు మార్చే కౌన్సెలింగ్‌కే. వెంట డిప్రెషన్ ఉంటే దానికి మందులు వాడాలి. జీతం, ఏటీఎం కార్డు, ఫోన్‌పే కొంతకాలం ఇంటివాళ్ల చేతిలో ఉండాలి. నల్గొండ, సూర్యాపేట ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లోని మానసిక విభాగానికి వెళ్లవచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉంది. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. ఆత్మహత్య మాట నోట వస్తే ఆ ఫోన్ వెంటనే చేయాలి.

చట్టం కూడా మన వైపే ఉంది. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది. డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. అయినా దొంగ యాప్‌లు ఫోన్లలోకి వస్తూనే ఉన్నాయి.

ఆ తల్లికి మిషన్ కోసం డబ్బు ఇవ్వలేదు. ఆస్పత్రికి బస్సు చార్జీలు, మందుల ఖర్చు సదఖా నిధి నుంచి ఇచ్చాం. మొదటి రెండుసార్లు మాలో ఒకరు తోడు వెళ్లారు. అబ్బాయి మధ్యలో ఒకసారి జారాడు, మళ్లీ వెళ్తున్నాడు. అప్పు సంగతి మిగిలే ఉంది. జకాత్ పొందే ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో కూరుకుపోయినవారూ ఉన్నారు. అయితే జూదం అప్పు కాబట్టి, తౌబా మీద నిలబడ్డాడని చూశాకే, ఉలమాల సలహాతో నిర్ణయిస్తాం. ఇస్తే అతని చేతికి కాదు, అప్పిచ్చినవారికే అసలు కడతాం, మిత్తి కట్టం.

దాతలకు ఒక్క విన్నపం. మీ వీధిలో ఇలాంటి ఇల్లు ఉంటే వేలెత్తి చూపకండి. మా దగ్గరికి పంపండి. పేరు బయటికి రాదు. ఒక మనిషిని ఆస్పత్రికి నెలనెలా పంపే బస్సు చార్జీ కూడా, ఇన్షా అల్లాహ్, సదఖాయే.