మేము, మనము

విద్యార్థులారా! సోమవారం ఉదయం మీ స్నేహితుడు తరగతికి వచ్చి, "మనము నిన్న లంకావికి వెళ్ళాము" అన్నాడని అనుకోండి. మీరు ఆ దినమంతా ఇంటిలోనే ఉన్నారు. అతని మాట మీకు వింతగా తోచాలి. "మనము" అంటే వింటున్న మీరు కూడా ఆ పడవలో ఉన్నట్లే. అతడు అనవలసినది "మేము".

ఇటువంటి పొరపాటు మన తరగతులలో తరచుగా వినిపిస్తుంది. తెలివి తక్కువై కాదు. మీలో చాలామంది మొదట ఆంగ్లంలో ఆలోచించి, తరువాత దానిని తెలుగులోకి తెచ్చుకొంటారు. ఆంగ్లంలో రెండింటికీ "వుయ్" అనే మాట ఒక్కటే ఉన్నది. వినేవాడు ఆ గుంపులో ఉన్నాడో లేడో ఆ మాట చెప్పదు. సందర్భాన్ని బట్టి గ్రహించుకోవాలి.

అయితే ఈ భేదం మీకు కొత్తది కాదు. మలాయ్ పాఠంలో మీరు దీనిని ప్రతిదినం వాడుతున్నారు. "కామి" అంటే వినేవానిని విడిచి, మేము. "కీతా" అంటే వినేవానితో కలిపి, మనము. కనుక "మేము", "మనము" అనే మాటల దగ్గర సందేహం కలిగినప్పుడు ఆంగ్లాన్ని అడగకండి, మలాయ్‌ని అడగండి. ఒక చిన్న హెచ్చరిక: సరవాక్ రాష్ట్రపు మలాయ్‌లో "కీతక్" అంటే "మీరు" అని అర్థం! దేశం ఒకటే, భాష పేరు ఒకటే, అయినా కడలి దాటితే మాట తీరు మారుతుంది.

తమిళ మిత్రులకు "నాంగళ్", "నామ్" అని రెండు మాటలున్నాయి. ఇది చూసి, చుట్టరికం గల భాషలన్నీ ఇంతేనని అనుకోకూడదు. లిపిలో తెలుగుకు ఎంతో దగ్గరగా ఉండే కన్నడంలో నేడు "నావు" ఒక్కటే. హిందీలో "హమ్" ఒక్కటే. మలాయ్ మనకు ఏ విధంగానూ చుట్టం కాదు. అయినా ఈ ఒక్క విషయంలో కన్నడం కంటె మనకు దగ్గరగా ఉన్నది.

నాకు అన్నిటికంటె ఇష్టమైన ఉదాహరణ పాపువా న్యూ గినీ దేశానిది. అక్కడ 800లకు పైగా భాషలున్నాయి. వేర్వేరు భాషలవారు ఒకరితో ఒకరు మాట్లాడుకొనేది టోక్ పిసిన్ అనే భాషలో. ఆ భాషకు మూలాలు 19వ శతాబ్దపు తోటలలో ఉన్నాయి. పసిఫిక్ దీవుల నుండి కూలీలను క్వీన్స్‌లాండ్ చెరకు తోటలకు, సమోవా కొబ్బరి తోటలకు తీసుకొని వెళ్ళారు. దొరల ఆంగ్లం నుండి ఆ కూలీలు మాటలను తీసుకొన్నారు. కాని దొరల భాషలో లేని భేదం వారి సొంత భాషలలో ఉన్నది. దానిని వారు వదలుకోలేదు. "యు", "మి" అనే రెండు ఆంగ్లపు మాటలను కలిపి "యుమి" అన్నారు. నీవు, నేను, అనగా మనము. "మి"కి "ఫెలో" అనే మాటను చేర్చి "మిపెల" అన్నారు, అనగా మేము. తోట కూలీల మనుమలమైన మనము ఈ సంగతిని తెలుసుకోదగినది.

మా నాన్నగారు పుట్టినది రబ్బరు తోటలో. అక్కడ తెలుగువారి, తమిళుల ఇళ్ళు ఒకే వరుసలో ఉండేవి. ఉత్తరాంధ్ర నుండి వచ్చిన మనవారికి "అప్ప" అంటే అక్క. తమిళులకు "అప్పా" అంటే తండ్రి. ఈ ఇంటిలో "అప్పా!" అని పిలిస్తే ఆ ఇంటి పిల్లలు నవ్వేవారట. వేరొక తోట నుండి కొత్త కుటుంబం వచ్చినప్పుడు మొదట "మా లైను, మా కుళాయి" అనేవారట. కొన్నాళ్ళకు అది "మన లైను, మన కుళాయి" అయ్యేది. నీళ్ళ బిందె పెట్టుకొనే చోటు అప్పటికే కుదిరిపోయి ఉంటుంది.

మీ తరగతిలో ఈ సంవత్సరం కొత్తగా చేరినవారు ఉన్నారు. వారితో మాట్లాడేటప్పుడు మీరు "మా తరగతి" అంటున్నారా, "మన తరగతి" అంటున్నారా? వ్యాకరణం రెండింటినీ ఒప్పుకొంటుంది. వినేవారు మాత్రం రెండింటినీ ఒకే విధంగా వినరు.

తెలుగు క్రియలో ఈ భేదం కనిపించదు. "రేపు గుడికి వెళ్తున్నాము" అని అమ్మ అంటే, తాను కూడా వెళ్తున్నాడో లేదో తమ్మునికి తెలియదు. అందుకే "నేను కూడానా?" అని అడుగుతాడు.

అభ్యాసం: దేవునికి మొక్కేటప్పుడు "మమ్ములను కాపాడు" అంటాము, "మనలను కాపాడు" అనము. కారణం వ్రాయండి. పాఠశాల సమావేశంలో చెప్పే రుకున్ నెగారా ప్రతిజ్ఞలో "కామి" ఉన్నది. ఎందుకో మీ మలాయ్ ఉపాధ్యాయులను అడిగి, వచ్చే వారం తరగతిలో చెప్పండి.