ఖరగ్‌పూర్‌లో తెలుగు ఓటు ఎటు?

పశ్చిమ బెంగాల్ 2026 శాసనసభ ఎన్నికల నేపథ్యంలో, ఖరగ్‌పూర్ సదర్‌లో తెలుగు ఓటు మళ్లీ చర్చకు వచ్చింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో పనికోసం వచ్చి స్థిరపడిన కుటుంబాల వారసులు ఇక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నారు.

ఈ స్థానం దశాబ్దాలపాటు కాంగ్రెస్ నేత జ్ఞాన్ సింగ్ సోహన్‌పాల్‌కు కంచుకోట. 2016లో బీజేపీ నేత దిలీప్ ఘోష్ ఆయనను ఓడించారు. ఘోష్ ఎంపీ కావడంతో 2019లో జరిగిన ఉప ఎన్నికలో తృణమూల్ అభ్యర్థి ప్రదీప్ సర్కార్ 20 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. 2021లో బీజేపీ తరఫున నటుడు హిరణ్ ఛటర్జీ 3,771 ఓట్లతో సీటును తిరిగి దక్కించుకున్నారు.

అంతకు కొద్ది నెలల ముందే, 2020 డిసెంబరులో, మమతా బెనర్జీ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. అయినా సీటు తృణమూల్ చేజారింది. తెలుగువారు ఎవరికి ఎంత వేశారో ఫలితాలు చెప్పవు. హోదా ఒక్కటే గెలిపించదని మాత్రం తేలింది.

2026 ఎన్నికలకు అసలు పరీక్ష ఓటరు జాబితాది. ప్రత్యేక సవరణకు 2002 నాటి జాబితాయే ఆధారమైంది. రిటైరయ్యాక రైల్వే క్వార్టర్ ఖాళీ చేయక తప్పదు, దాంతో చిరునామా మారుతుంది. స్వల్ప తేడాతో తేలే చోట, ఓటు ఎటు అనేదానికంటే ముందు అది జాబితాలో ఉందా అన్నదే ప్రశ్న.