నల్లా పైపు డ్రమ్ములో మునిగిందా?

ఇంటిల్లిపాదీ విరేచనాలతో ఓపీకి వస్తే నేను ముందు అడిగే ప్రశ్న, ‘నల్లా పైపు ఎక్కడ వదిలారు?’ అని. ఘనపూర్‌లోనైనా మరెక్కడైనా మిషన్ భగీరథ నీరు రాగానే పైపు తగిలించి, రెండో కొసను డ్రమ్ములో ముంచి పనుల్లో పడిపోతాం.

సరఫరా ఆగితే లైనులో మిగిలిన నీరు పల్లానికి జారుతూ వెనక నుంచి పీలుస్తుంది. ఎవరైనా నల్లాకు మోటారు బిగిస్తే ఆ పీల్చుడు మరింత ఎక్కువ. అప్పుడు మన డ్రమ్ములో, పశువుల తొట్టిలో ఉన్న నీరు వీధి లైనులోకి వెళ్తుంది. మళ్లీ నల్లా వచ్చినప్పుడు పక్కింటి బిందెలోకి చేరుతుంది. టైఫాయిడ్, కామెర్లు, కలరా ఇలాగే పాకుతాయి. 1933లో అమెరికాలోని షికాగోలో హోటళ్ల పైపుల లోపాలతో తాగునీరు కలుషితమై, అమీబా విరేచనాలతో 98 మంది చనిపోయారు.

ఇలా చేయండి:
* పైపు కొసను డ్రమ్ము అంచుకు కనీసం రెండు అంగుళాల పైన ఉంచండి. నీళ్లు పట్టాక పైపు తీసి, నల్లా కట్టేయండి.
* నల్లాకు నేరుగా మోటారు బిగించొద్దు.
* బోరు లైనును భగీరథ లైనుతో కలపొద్దు.
* నీటి రంగు, వాసన మారితే సరఫరా సిబ్బందికి చెప్పండి. మరిగించి, చల్లార్చి తాగండి.
* విరేచనాలు మొదలైతే వెంటనే ఓఆర్‌ఎస్ తాగిస్తూ ఆసుపత్రికి తీసుకురండి.

ఆ రెండు అంగుళాల ఖాళీకి ఖర్చేమీ లేదు. అది వీధి మొత్తాన్నీ కాపాడుతుంది.